వరహాలమ్మ రక్తంలో నేను చూసినది

నేను ఒక ప్రయోగశాల యంత్రాన్ని. రక్తంలోని కణాలను ఒక్కొక్కటిగా లేజరు వెలుగు ముందు నడిపించి, ఏది ఎలా ఉందో చెప్పడం నా పని. పరాయి దేశంలో తయారై, ఓడలో వచ్చి, మొదట హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరాను. కొత్త యంత్రం రాగానే నాలో లోపాలు కనిపించి, నన్ను విశాఖపట్నంలోని ఒక పరిశోధనశాలకు అమ్మేశారు.

అక్కడ నన్ను డాక్టర్ హైమవతి వాడేది. అండాశయ క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టదు, స్కానులోనూ ఒక్కోసారి దొరకదు. ఒంటిని కాపాడే తెల్లకణాలు మాత్రం ముందే పసిగడతాయేమోనని ఆవిడ ఆలోచన.

భీమిలిలో ఎండుచేపలు అమ్మే వరహాలమ్మ ఆ పరిశోధనకు రక్తం ఇచ్చింది. ఆమె తల్లినీ, చెల్లెలినీ ఆ జబ్బే తీసుకుపోయింది. ఆమె కాపలా కణాల్లో దేనితోనో పోరాడి అలసిపోయినవి చాలా కనిపించాయి. స్కానులో ఏమీ లేదు. అంతకుముందు ఇలాగే చూపించి ఒకావిడను భయపెట్టాను. తీరా అది మామూలు ఇన్ఫెక్షన్. అందుకే హైమవతి మళ్లీ రక్తం తీయించింది. నేను మళ్లీ అదే చెప్పాను. హైమవతి ఆమెను పిలిపించి చెప్పింది:

"ఇది ఇంకా పరిశోధనే వరహాలమ్మగారూ. దీన్ని బట్టి జబ్బుందని చెప్పలేను. కానీ మీ ఇంట్లో ఇద్దరికి వచ్చింది కాబట్టి అండాశయాలు, వాటి పక్కనుండే గొట్టాలు తీయించుకోమని ఎలాగూ చెబుతాం. ఆలస్యం చేయకండి."

"జబ్బేటీ నేకుండా కోయించుకున్నావని మా ఆయన దెబ్బలాడితేనో?"

"నా దగ్గరికి తీసుకురండి. నేను మాట్లాడతాను."

వరహాలమ్మ చీరకొంగు వేలికి చుట్టుకుంది. "మా సెల్లి కడుపు ఉబ్బినాకే ఆస్పత్రికొచ్చింది. తీసియ్యండమ్మా."

ఆపరేషన్‌లో తీసిన గొట్టం చివర, ఈ జబ్బు తరచూ మొదలయ్యే చోటే, ఆవగింజంత క్యాన్సర్ దొరికింది. ఇంకెక్కడికీ పాకలేదు. ఆ కబురు విని హైమవతి నా ముందున్న స్టూలు మీద కూలబడి కళ్లు తుడుచుకుంది. తర్వాత లేచి, "ఒక్కరితో ఏదీ రుజువు కాదు," అని తనకు తానే చెప్పుకుని ఇంకొకరి రక్తం నాకు అందించింది.

ఇప్పుడు నా లేజరు మసకబారింది. విడిభాగాలు దొరకవని నన్ను వరండాలో పెట్టారు. మొన్న ఏడాది పరీక్షకు వచ్చిన వరహాలమ్మ పక్క బెంచీ మీద కూర్చుని, చేతిసంచీ నా నెత్తిన పెట్టింది. రక్తం ఇవ్వడానికి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయిన ఒకామెతో, "భయపడకమ్మా, సూది సీమ కుట్టినట్టుంటాది, అంతే," అని చెప్పింది. లోపలి నుంచి పిలుపు రాగానే సంచీ తీసుకుని, ఆమెకు తోడుగా లోపలికి వెళ్లింది.