మేనేజరు తిట్టిన సీసా

భూములన్నీ సోలారు పార్కుకు కౌలుకిచ్చాక మాకు గొర్రెలే మిగిలాయి. బలసముద్రంలో వాటికి మేతెక్కడిది? ప్యానెళ్లు కడిగిన నీళ్లు తాగి గడ్డి అంతా కంచె లోపలే ఏపుగా పెరుగుతుంది. కంపెనీవాళ్లు దాన్ని మిషన్లతో కోయించి పారబోస్తారు. మా గొర్రెలు బయట నిలబడి చూస్తుంటాయి. ఈ ఎండాకాలం లోపలికి వదలకపోతే మందంతా అమ్ముకోవాల్సిందేనని మా ఆయన నరసప్ప తేల్చేశాడు.

వదలాల్సింది మేనేజరు గోపికృష్ణ. గొర్రెల మాట ఎత్తితే ఆయన చెవికెక్కదు గానీ, వైన్ మాట ఎత్తితే కుర్చీ వేయించి మరీ కూర్చోబెడతాడట. తక్కువ ధరలో గొప్ప వైన్ వెతికి పట్టడంలో తనంతవాడు లేడని ఆయన నమ్మకం. అందుకని మా అబ్బాయి అమరనాథ్ ఆయన్ను భోజనానికి పిలిచి, వైన్ కోసం పావగడ వెళ్లాడు.

'వైన్స్' అని బారెడు బోర్డు పెట్టుకున్న అంగట్లో ఓనరు మంజునాథ్ నోరెళ్లబెట్టాడట.

"వైనా? అదొక్కటి తప్ప అన్నీ ఉండాయప్పా. ఇన్నేండ్లలో అడిగినోడివి నువ్వే."

చివరికి అటక మీద వెతికి, దుమ్ము పట్టిన సీసాలు రెండు దించాడు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. గొర్రెల సంతలో తనకు కావాల్సిన గొర్రెను ఎవడూ మెచ్చుకోడు. కాళ్లు సన్నమంటాడు, పళ్లు అరిగాయంటాడు, దగ్గుతోందంటాడు. ఎంత తిడితే అంత మనసు పడ్డట్టు. బాగుందని మెచ్చినవాడు కొనడు, ముందుకు సాగిపోతాడు. కాపురానికి వచ్చినప్పటినుంచి ఆ సంతల్లో తిరిగి తిరిగి మాకు ఇంకో లెక్క తెలియదు.

సాయంత్రం మేనేజరు వచ్చాడు. ధర అడిగి, మొదటి సీసాలోది పోయించుకుని, గ్లాసు గిరగిరా తిప్పి, అందులో ముక్కు పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"అద్భుతం! నల్లద్రాక్ష, కాస్త పొగ, తడిసిన తోలు వాసన... ఈ ధరకి ఇలాంటిది దొరకడమా!"

తోలు వాసన వచ్చేదాన్ని మనిషి ఎందుకు తాగుతాడో నాకు అర్థం కాలేదు. మా ఆయన పెదవి విరిచి నా చెవిలో అన్నాడు, "పాపం, సారుకు పట్టలేదు. తీసెయ్యే."

జలుబు చేసిన పొట్టేలుకు తాగిద్దామని దాన్ని లోపల పెట్టాను.

రెండోది నోట్లో పడగానే మేనేజరు మొహం ముడుచుకుపోయింది.

"ఛీ! ఇది వైనా? పులిసిన చింతపండు నీళ్లు!"

మా ఆయన మొహం వెలిగిపోయింది. "ఇది గట్టిగా పట్టిందే. పొయ్యి, పొయ్యి!"

పోశాను. వద్దన్నకొద్దీ పోశాను. పెద్దదాన్నని నన్ను కాదనలేక మేనేజరు తాగాడు. అమరనాథ్ గుడ్లురిమి ఏదో సైగ చేశాడు. తక్కువ పోస్తున్నానని కాబోలు అనుకుని ఇంకాస్త పోశాను.

సీసా ఖాళీ అయ్యాక మావాడు గొర్రెల మాట ఎత్తాడు. మేనేజరు ఎగిరిపడ్డాడు.

"గొర్రెలా! కంపు. కేబుళ్లు కొరుకుతాయి. అంత పనికిమాలిన జంతువు లోకంలో లేదు!"

ఆయన తూలుతూ వెళ్లాక అమరనాథ్ తల పట్టుకున్నాడు. మా ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏందిరా ఆ ఏడుపు మొగం? అన్ని వంకలు పెట్టినాడంటే ఒప్పుకున్నట్టే. తెల్లారి తోలుకుపోదాం."

పొద్దున్నే మందతో గేటు దగ్గరికి పోయాం. వాచ్‌మన్ ఈరయ్య అడ్డం నిలబడ్డాడు.

"ఎవరు చెప్పినారు?"

"మీ మేనేజరేనప్పా. నిన్న మా ఇంట్లో," అన్నాను నేను.

ఈరయ్య ఫోను చేశాడు. అవతల మేనేజరు కడుపునొప్పని మూలుగుతున్నాడు. "మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండి, నన్ను వదిలేయండి," అని పెట్టేశాడు. ఈరయ్య గేటు తీశాడు.

ఆయన మళ్లీ లేచి తిరిగేసరికి ప్యానెళ్ల కింద క్షవరం చేసినట్టుంది. సరిగ్గా అప్పుడే బెంగళూరు నుంచి పెద్ద సార్లు వచ్చి, గొర్రెల్ని చూసి కారాపారు. గోపికృష్ణ మొహంలో నెత్తురు లేదు. వాళ్లేమో ఫోటోలు తీసుకుంటూ, "మిషన్ లేదు, డీజిల్ లేదు! ఎవరి ఆలోచనయ్యా ఇది?" అన్నారు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాదే సార్. ఎప్పటినుంచో అనుకుంటున్నాను."

అమరనాథ్‌కు ఒళ్లు మండింది. "నాయినా, చూడు, అంతా తనదే అంటుండాడు!"

"అననీరా. గడ్డి మన గొర్రెల కడుపులో ఉండాది గదా," అని మా ఆయన మందను పక్క వరుసలోకి అదిలించాడు.