లైసెన్సులు వచ్చేదాకా

బొగ్గు తోలే వజ్రతేజ రోడ్‌వేస్ మూతపడిందని మాకు తెలియజేసింది ఒక డీజిల్ కార్డు. బుధవారం పొద్దున డ్రైవరు ఎల్లేశం మంచిర్యాల దారిలో బంకు దగ్గర టిప్పరు ఆపి కంపెనీ ఇచ్చిన ఆ కార్డు ఇస్తే, యంత్రం దాన్ని తీసుకోలేదు. వెనుక వచ్చిన బండ్లకూ అదే జరిగింది. మధ్యాహ్నానికి కంపెనీ టిప్పర్లన్నీ గోదావరిఖని శివారులో నా స్థలానికి చేరుకున్నాయి. యార్డు కోసం ఆ స్థలాన్ని వారికి అద్దెకిచ్చింది నేనే. నా ఇల్లు దాన్ని ఆనుకొనే ఉంటుంది.

నేను ఆశ్చర్యపోలేదు. ఆ కంపెనీ ఎదుగుదలనూ క్షయాన్నీ వసారాలో కూర్చుని చూసినదాన్ని. మొదట్లో కొత్త టిప్పరు వచ్చిన ప్రతిసారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, మిఠాయి పంచేవారు. పాత బండ్ల కిస్తులు కట్టాలంటే పని కావాలి. పని దక్కాలంటే టెండరులో పోటీదారుకన్నా తక్కువ రేటు వేయాలి. అంత తక్కువ రేటు గిట్టాలంటే మరింత బొగ్గు తోలాలి, అందుకు మళ్లీ కొత్త బండ్లు, కొత్త అప్పు. ఇది సాగినన్నాళ్లూ యజమాని రఘుపతిని ఊరు పెద్దమనిషి అన్నది. డీజిల్ ధర పెరిగిన ఏడాది చిరిగిన టార్పాలిన్లను మార్చడం మానేశారు. తరువాత అరిగిన టైర్లకే మళ్లీ రబ్బరు అతికించసాగారు. నా కిటికీ అద్దాల మీద బొగ్గుపొడి మందమయ్యేకొద్దీ ఆ కంపెనీ ఆయువు తరుగుతున్నదని నాకు అర్థమవుతూనే ఉంది. ఆఖరి టెండరు ఇంకొకరికి పోయింది. కిస్తులు మాత్రం ఎక్కడికీ పోలేదు.

సాయంత్రం ఎల్లేశం, ఉజైర్ నా వసారా మెట్ల మీద కూర్చున్నారు. ఇద్దరూ మొదటినుంచీ ఆ కంపెనీ డ్రైవర్లే.

"పని పోయిందని దిగులా, ఎల్లేశం?"

"పనికి ఫికర్ లేదమ్మా. రామకృష్ణాపూర్ల ఇంకో ట్రాన్స్‌పోర్టాయన రేపే రమ్మన్నడు. లైసెన్సు లేకుంట ఎట్ల పోవాలె?"

"నీ లైసెన్సు ఏమైంది?"

అతను రేకుల కప్పున్న ఆఫీసు గదివైపు చేయి చూపాడు. "ఆ బీరువల ఉంది."

పనిలో చేరిన రోజునే డ్రైవరు అసలు కార్డును కంపెనీ తీసుకుంటుంది. మధ్యలో మానేసి వెళ్లకుండా అది హామీ అట. ఇక్కడి చాలామంది యజమానులది ఇదే ఆనవాయితీ. ఫోనులో చూపిస్తే చాలదా అని అడిగాను.

ఉజైర్ నవ్వాడు. "పోలీసోళ్లకు చాలుతదమ్మా, సేట్లకు చాలదు. ఆ బీరువలకెల్లి తీసి ఈ బీరువల పెట్టాలె. మాకన్న మా కార్డులే ఎక్కువ ఆఫీసులు చూసినయ్."

"ఎందుకు ఇచ్చారయ్యా?"

"పెద్ద కంపెనీ గదా, భద్రంగ ఉంటదనుకున్నం," అన్నాడు ఎల్లేశం.

"భద్రంగనే ఉందిరా బావా," అన్నాడు ఉజైర్. "నీకు గూడ అందనంత భద్రంగ."

మర్నాడు పొద్దున్నే మేనేజరు వేణుమాధవ్ వచ్చాడు. బండ్లను స్వాధీనం చేసుకోవడానికి ఫైనాన్సు కంపెనీ అధికారి ఒకాయన, ఆయన మనుషులు వెంట ఉన్నారు. అప్పటికే చేరిన డ్రైవర్ల ముందు వేణుమాధవ్ ఒక బల్ల వేయించి కాగితాల కట్ట పెట్టాడు. అన్నింటిలోనూ డ్రైవరు రాసిచ్చినట్టు ఒకటే మాట: "కంపెనీ నుంచి నాకు రావలసినది ఏమీ లేదు." నిజానికి డ్రైవర్లకు మూడు నెలల జీతం రావలసి ఉంది.

"సంతకం పెట్టుండ్రి, కార్డు పట్టుకపోండ్రి," అన్నాడు వేణుమాధవ్. "జల్ది కానియ్యిండ్రి."

ఎల్లేశం రోడ్డువైపు చూశాడు. రామకృష్ణాపూర్‌లో పని అతనికోసం వారం ఆగదు. కలం అందుకున్నాడు.

నేను లేచి వెళ్లి పెద్ద గేటు మూసి, నా తాళం వేశాను. మనుషులు తిరిగే పక్క తలుపును తెరిచే ఉంచాను. ఆగవలసినవి బండ్లు మాత్రమే.

"అమ్మా, మీ అద్దె బాకీ గురించి సేటుకు నేను చెప్త," అన్నాడు వేణుమాధవ్.

"అద్దె గురించి నేను కోర్టులో చెప్పుకుంటాను. ముందు ఆ బీరువా తెరవండి."

"తాళంచెవి సేటు దగ్గర్నే ఉన్నది. ఆయన ఫోనెత్తుతలేడు."

"సంతకం పెడితే కార్డు ఇస్తామన్నారు. తాళంచెవి లేనివారు ఎట్లా ఇస్తారు?"

"సంతకం పెట్టంగనే సేటు ఫోనెత్తుతడు గావచ్చు!" అన్నాడు ఉజైర్. డ్రైవర్లు గొల్లుమన్నారు.

ఫైనాన్సు అధికారికి ఓపిక నశించింది. "మేడం, మీ లొల్లితోటి మాకేం పని? మా అప్పుకు ఈ బండ్లే హామీ. గేటు తియ్యకుంటే పోలీసులను పిలుస్తం."

"పిలవండి. ఒకరి లైసెన్సు దాచిపెట్టి, జీతం వదులుకుంటేనే ఇస్తామనడం ఏ చట్టంలో ఉందో వారినే అడుగుదాం."

వేణుమాధవ్ గొంతు తగ్గించాడు. "కంపెనీ మునిగిందమ్మా. మునిగినప్పుడు అందరికీ ఇంతో అంతో నష్టం తప్పదు."

"గిట్టని రేటు వేసింది మీరు. అప్పు మీద అప్పు తెచ్చింది మీరు. ఆ కాగితాల మీద ఎల్లేశం సంతకం అడిగారా? అప్పుడు అక్కరలేని సంతకం ఇప్పుడెందుకు?"

ఎల్లేశం కలాన్ని బల్ల మీద పెట్టి, కాగితాన్ని వేణుమాధవ్ ముందుకు తోశాడు.

"నేను పెట్ట."

"రామకృష్ణాపూర్ పని పోతదిరా నీకు," అన్నాడు వేణుమాధవ్.

"పోతె పోనీ సారూ. మూడు నెలలు దుమ్ము మింగిన. మింగలేదని ఎట్ల రాసిస్త?"

అతను వెళ్లి తన టిప్పరు ముందు చక్రానికి ఆనుకొని కూర్చున్నాడు. ఉజైర్ అతని పక్కన చేరాడు. తక్కిన డ్రైవర్లూ తలో బండి ముందు కూర్చున్నారు. ఫైనాన్సు అధికారి ఆ వరుసను చూసి, వేణుమాధవ్ భుజం పట్టి గోడవారకు తీసుకుపోయాడు. ఆ మాటలు నాకు వినబడలేదు. తిరిగి వచ్చేసరికి సేటు దగ్గరే ఉందన్న తాళంచెవి వేణుమాధవ్ ప్యాంటు జేబులోంచి బయటికి వచ్చింది.

బీరువాలో కార్డులకు రబ్బరుబ్యాండు చుట్టి ఉంది. ఉజైర్ ఒక్కొక్క పేరూ గట్టిగా చదివి పంచాడు. ఆఖరి కార్డు చేరిన తరువాత గేటు తెరిచాను. సంతకంలేని కాగితాలు బల్ల మీదే ఉండిపోయాయి.

మరునాటి సాయంత్రం ఎల్లేశం మళ్లీ వచ్చాడు.

"పనిలో చేరావా?"

"లేదమ్మా. కొత్త సేటు కార్డుకు చెయ్యి చాపిండు. చూసుకో, ఫొటో తీసుకో, కార్డు మాత్రం ఇయ్య అన్న. అట్లయితే పని లేదన్నడు. లేచి బయటికొచ్చిన. ఉజైర్ గూడ లేచిండు. అక్కడ పాతోళ్లు ఆరుగురు తమ కార్డులడిగి మా ఎనకనే వచ్చిండ్రు."

"వెనక్కి పిలిచాడా?"

"ఇంకా పిలువలే. పిలుస్తడు. బండ్లు ఊకె నిలబడితే కిస్తులు ఎవలు కడుతరు?"

నాకు నవ్వు వచ్చింది. చాలా కాలమైంది ఆ మెట్ల దగ్గర నేను నవ్వి.

"రేపు పెద్దపల్లి పోతున్నం, లేబర్ ఆఫీసుల జీతాల కేసు పెట్టనీకి. మీరు గూడ వస్తరా అమ్మా?"

"వస్తాను. కార్డు ఉందా?"

అతను చొక్కా జేబు మీద అరచేత్తో రెండుసార్లు తట్టి చూపించాడు.