స్తంభం వెనక మూల

ఆఫీసు హాల్లో నిచ్చెన పై మెట్టు మీద నిలబడి వైర్లాయన స్తంభానికి అవతలి వైపున తెల్లటి వైఫై పెట్టె బిగిస్తున్నాడు. జుట్టు నిండా సీలింగు సున్నం. సీలింగులోంచి వచ్చే తీగకు ఆ పళ్ళెమంత పెట్టె తగిలిస్తే చాలు, కింద ఏ బల్లకీ వైరు అక్కర్లేదు. వయసులో ఉన్నప్పుడు బల్లబల్లకీ వైర్లు లాగినవాడు అతనే, ఇప్పుడు వాటిని పీకుతున్నవాడూ అతనే.

నిజానికి ఆ పెట్టె స్తంభానికి ఇవతల ఉండాలి. అవతల పెడితే అంత లావు కాంక్రీటు దాటి, మూలనున్న టైపిస్టుగారి బల్లకు సిగ్నల్ అందదు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే పెట్టాడు.

పాపం, కుళ్ళుబుద్ధి ఉన్న మనిషేం కాదు. భార్య పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఆఫీసులో వైరు ఊడితే అందరూ పిలుస్తారు, బాగుపడితే మరిచిపోతారు. బల్ల కింద దూరిన మనిషిని "మోకాళ్ళ నొప్పి ఎలా ఉందండీ?" అని అడిగేది టైపిస్టుగారొక్కరే. ఆ ఒక్క మాట కోసం ఆవిడ వైరుకు క్లిప్పు కొట్టకుండా ఏళ్ళ తరబడి వదిలేశాడు ఈ మహానుభావుడు. ఆవిడ కాలు తగలడం, వైరు ఊడటం, ఈయన పరుగెత్తడం. ఇప్పుడు వైరే లేకపోతే ఆవిడ ఎందుకు పిలుస్తుంది?

మధ్యాహ్నం దాకా ఫోను చేతిలో పట్టుకునే తిరిగాడు. మోగలేదు. అన్నం సయించలేదు. చివరికి ఉండబట్టలేక తనే వెళ్ళాడు.

ఆవిడ లాప్‌టాప్ చంకన పెట్టుకుని, సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"ఇక్కడ రావట్లేదా అండీ? చిటికెలో పని. పెట్టె ఇటు జరిపేస్తా," అన్నాడు గబగబా.

"అయ్యో, వద్దండీ బాబూ! పై అంతస్తులో బ్రహ్మాండంగా వస్తోంది. మా వాళ్ళందరూ అక్కడే కదా. ఆ వైరు ఇక్కడుందని ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే ఇక్కడ పడి ఉన్నా." ఆవిడ మొహం వెలిగిపోతోంది. "మీకూ బల్ల కింద దూరే బాధ తప్పింది. మోకాళ్ళు జాగ్రత్త!"

వైర్లాయన తన ఒంటరితనమే చూసుకున్నాడు గానీ, ఆవిడదీ అదే బతుకని ఏనాడూ తోచలేదు. "మంచిదండీ," అన్నాడు.

ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. పైనుంచి ఎవరో నవ్వుతూ ఆవిడను పిలవడం వినిపించింది. బల్ల మీద ఆవిడ ఆపడం మరిచిపోయిన చిన్న ఫ్యాను ఖాళీ కుర్చీకి గాలి విసురుతూనే ఉంది.