బావి గట్టున నిలబడిన మనిషి

“ఈ పొద్దు ఎవరేడ్చినారు?” అన్నాడు దావీదు, కంచం ముందుకు లాక్కుంటూ.

రోజూ అదే మాట. ఎగతాళి చేయడు, నిజంగానే ఆశగా అడుగుతాడు. రూతమ్మ రొట్టె వడ్డించి, పక్కన పప్పు పోసి, గోడకానుకుని కూర్చునేది. పొద్దున లేచి నీళ్ళు మోసి, పిండి విసిరి, ఆయన చొక్కా ఉతికి ఆరేసి, అత్తకు కాళ్ళు పట్టి ఉద్యోగానికి పోయిన మనిషి. తిరిగొచ్చి మళ్ళీ పొయ్యి రాజేసిన మనిషి. అయినా ఆ ప్రశ్న వినగానే ఒళ్ళు అలసట మరిచేది. పెళ్ళయి పదేళ్ళు దాటింది. అన్నేళ్ళూ ఆయన పేపరు చదువుతూనే తిన్నాడు. ఆమె ఏం చెప్పినా “ఊ” అనేవాడు. ఒకసారి కడుపులో నొప్పి తట్టుకోలేకుండా ఉన్నానని చెప్పినా “ఊ” అని పేజీ తిప్పినాడు. అట్లాంటి మనిషి ఒకరోజు పేపరు మడిచి కింద పెట్టినాడు. ఎందుకంటే ఆ రోజు ఆమె తన సంగతి చెప్పలేదు, హాస్టల్లో ఒక ఆడమనిషి సంగతి చెప్పింది.

అది యాభై తొమ్మిదో సంవత్సరం. ఆదోనిలో ఊరి పెద్దలు పెట్టిన సంఘం వాళ్ళు పెద్ద వయసు ఆడవాళ్ళకు రెండేళ్ళ చదువొకటి నడుపుతుండేవాళ్ళు. మొగుడు పోయినవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు, చిన్నప్పుడే బడి మానిపించబడినవాళ్ళు వచ్చి చేరేవాళ్ళు. పాతికేళ్ళ మనిషి, ముప్పయ్యేళ్ళ మనిషి, పలక ఒళ్ళో పెట్టుకుని గుణింతాల దగ్గర మొదలుపెట్టేది. రెండేళ్ళకు ఎనిమిదో తరగతి పరీక్ష రాయించి, పాసయినవాళ్ళను టీచరు ట్రైనింగుకో, నర్సు పనికో పంపాలని ఏర్పాటు. జిన్నింగు మిల్లు వెనకాల ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకున్నారు. పాఠాలూ అక్కడే, పడకలూ అక్కడే. గాలి మళ్ళిందంటే దూది నూగు వచ్చి పుస్తకాల మీదా, తడి జుట్టు మీదా వాలేది.

రూతమ్మ ఆ హాస్టలుకు వార్డెను. తిండీ, పడకా చూసుకోవడమే ఆమె పనని కాయితం మీద రాసిచ్చారు. దావీదు మున్సిపల్ హైస్కూల్లో లెక్కల అయ్యవారు. సాయంత్రం ఒక గంట ఇక్కడికొచ్చి లెక్కలు చెప్పేవాడు. సంఘంలో సభ్యుడు కూడా. ఆయన ఎవరికైనా భిన్నాలు రాకపోతే, “నీకెందుకమ్మా ఇదంతా, కుట్టుమిషన్ నేర్చుకోపో” అనేవాడు. అట్లా అనిపించుకున్నవాళ్ళు వంటింట్లోకొచ్చి రూతమ్మ పక్కన కూలబడేవాళ్ళు.

ఆమె ఏమీ అడిగేది కాదు. బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే ఏరుతూనే ఉండేది, చాటలో సగం ఆ మనిషి వైపు జరిపేది. చేతులు పనిలో పడితే నోరు తనంతట తాను తెరుచుకుంటుందని ఆమెకు ఎవరూ నేర్పలేదు. అత్తగారింట్లో ఎవరూ తన మొహం చూసి మాట్లాడని రోజుల్లో తెలుసుకుంది. కుల్సుంబీ అనే అమ్మాయిని మొగుడు వదిలేసినాడు. అల్లికలు నేర్చుకొమ్మని పుట్టింటివాళ్ళ పోరు. పక్క మంచంలో ఎవరికైనా జ్వరమొస్తే ఆ పిల్ల తెల్లవార్లూ కూర్చోవడం, వాంతి ఎత్తిపోయడానికి మొహం చిట్లించకపోవడం రూతమ్మ గమనించింది. “నువ్వు నర్సు పనికి పోవల్ల కుల్సుం. నీ చేతికి సూది గుడ్డ కుట్టేదానికి కాదు” అంది. ఆ పిల్ల ఆ రోజు నవ్విన నవ్వు చూసి రూతమ్మకే ఆశ్చర్యమేసింది. ఇంకొకామె గాలి సోకిందని తాయెత్తులు కట్టుకుని వచ్చింది. పది రోజులు ఆమె చెప్పేదంతా విని, ఇది గాలి కాదు దిగులని తేల్చి, ముందు నిద్రపోనిచ్చి, తర్వాత చదివించింది.

“నీకు జీతమిచ్చేది ముచ్చట్లు వినేదానికా?” అనేది అత్త. “ఒడి నిండనిదానికి ఊరోళ్ళ ఏడుపంతా కావల్ల.”

అత్త మాట ఈ చెవిలో దూరి ఆ చెవిలో పోయేది. గుచ్చుకున్నది వేరే. ఇంటికి నడిచొస్తున్నప్పుడు రూతమ్మ ఆ పొద్దు విన్న మాటలను వరసలో పెట్టుకునేది. ఏది ముందు చెప్పాలి, ఎక్కడ ఆపాలి, ఆయన “తర్వాత?” అని ఎక్కడ అంటాడు. ఆ “తర్వాత?” అనే ఒక్క మాట కోసం ఆమె ఒకరి మొగుడి తాగుడునూ, ఒకరి గర్భం పోవడాన్నీ రొట్టెతో పాటు వడ్డించింది. చెప్తున్నంతసేపూ ఆయన కళ్ళు తన మొహం మీదే ఉండేవి. పడుకున్నాక మాత్రం లోపల ఏదో పురుగు దొలిచినట్టుండేది. అటు తిరిగీ ఇటు తిరిగీ, నా మొగుడికే కదా చెప్పింది అని తనకు తానే చెప్పుకునేది.

హాలహర్వి నుంచి వచ్చిన బసమ్మ ఉగాది సెలవులకు ఇంటికి పోయి తిరిగొచ్చినప్పటి నుంచి మనిషి మనిషిగా లేదు. చదువులో అందరికన్నా ముందుండే మనిషి. తెలుగు పద్యం ఒకసారి వింటే వచ్చేది. అట్లాంటిది అక్షరాలు పలక మీద వంకరపోతున్నాయి. పరీక్షకు రెండు నెలలు కూడా లేదు. ఒక మధ్యాహ్నం అందరూ ఎండకు సోలిపోయి పడుకుని ఉండగా వంటింట్లోకొచ్చి రూతమ్మ కలుపుతున్న పిండిలో తనూ చెయ్యి పెట్టింది.

“ఊర్లో నా మొగుని రెండో పెండ్లాము కొడుకును చూసినానమ్మా. నా బిడ్డ బతికుంటే అంతే ఉండును. ఈడికొచ్చినా కండ్లు మూస్తే ఏడుపు ఇనిపిస్తాది. నిన్న పెరట్లో బావి గట్టు మీదికి పోయి నిలబడినాను. దూకల్లని కాదు. ఊరికే నిలబడల్లనిపిచ్చింది. సానాసేపు నిలబడినాను.”

రూతమ్మ చెయ్యి పిండిలోనే ఆగిపోయింది.

“యారికీ సెప్పద్దమ్మా. పిచ్చిదని పంపించేస్తారు. మా అన్న నన్ను మళ్ళా ఆ మొగునింటికే తోలుతాడు.”

“చెప్పను” అంది రూతమ్మ.

ఆ సాయంత్రమే బసమ్మ పడకను కుల్సుంబీ పక్కకు మార్పించింది. బావి దగ్గరికి ఒక్కతే పోకూడదని మాట తీసుకుంది. వారం దాకా లెక్కల ముఖం చూడొద్దంది. “పొద్దునపూట అందరికీ పద్యాలు గట్టిగా చదివి వినిపించు. నీకు వచ్చింది ముందు చెయ్యి. రానిదాన్ని మనిద్దరం కలిసి చూద్దాం. నీ గొంతు క్లాసులో నిలబడే గొంతు. నువ్వు పోవాల్సింది టీచరు ట్రైనింగుకే.” బసమ్మ తల ఊపింది. మూడు పూటలుగా సరిగ్గా తినని మనిషి ఆ రాత్రి అన్నం తిన్నదని కుల్సుంబీ వచ్చి చెప్పింది.

ఇంటికి నడుస్తున్నంతసేపూ రూతమ్మ ఈ ఒక్క మాట బయటికి రాకూడదనుకుంది. దావీదు కంచం ముందు కూర్చుని అడిగినాడు. “ఎవరూ ఏడవలేదు” అంది. “అట్లనా” అని ఆయన పేపరు అందుకున్నాడు. పేపరు విప్పుకున్న చప్పుడు విని, ఆమె గొంతులోంచి ఆమె అనుమతి లేకుండానే మాట జారింది.

“హాలహర్వి పిల్ల లేదూ...”

పేపరు కిందికి దిగింది.

నాలుగు రోజులకు హాస్టల్లో వంటమనిషి నాగమ్మ, నీళ్ళకొచ్చిన బసమ్మను చూసి చేద దాచిపెట్టింది. “నిన్ను ఈడికి రానీయద్దన్నారు తల్లీ. నువ్వు దూకుతావంట కదా” అని నోరు జారింది. దావీదు ఊరి మగవాళ్ళు పేపర్లు చదివే రీడింగ్ రూములో కూర్చుని ఆ సంగతి చెప్పినాడు. ఆ మాట సంఘం సెక్రటరీ గోవిందన్న చెవిన పడింది. ఆయన అప్పటికే బసమ్మ అన్నకు కబురు పంపించినాడు.

బసమ్మ తిన్నగా లోపలికొచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి రూతమ్మ వైపు చూసింది.

“సెప్పనంటివి కదమ్మా.”

“చెప్పినాను” అంది రూతమ్మ. “తప్పు చేసినాను బసమ్మా.”

 బసమ్మ గదిలోకి పోయి తన చీరలు మడుచుకోవడం మొదలుపెట్టింది.

ఆ పూట రూతమ్మ ఇంట్లో ఒకచోట నిలవలేకపోయింది. ఊడ్చిన చోటే ఊడ్చింది. పొయ్యి మీద పప్పు మాడింది. దావీదు రాగానే ఎదురుపోయి అడిగింది.

“ఆ మాట ఎందుకు చెప్పినారు?”

“మంచికే చెప్పినాను. రేపు ఏదన్నా అయితే ఎవరి మెడకు చుట్టుకుంటాది? నీ మెడకే కదా” అన్నాడాయన, చెప్పులు విడుస్తూ. “అయినా అంత దాచేదయితే నాకెందుకు చెప్పినావు?”

 ఆ ప్రశ్న ఆమెను రోకలితో దంచినట్టు దంచింది. ఎందుకు చెప్పినాను? మీరు నా మొహం చూడాలని చెప్పినాను. ఒకరి బిడ్డ చావును ఎరగా వేసి మీ చూపును పట్టుకున్నాను. ఈ మాట చెప్తే మాత్రం ఈయన మళ్ళీ “ఊ” అంటాడు.

మరుసటి రోజు సాయంత్రం సంఘం కూడింది. గోవిందన్న పత్తి వ్యాపారి, పెద్ద మనిషి, కోపిష్టి కాదు. ఇద్దరు సభ్యులు, వాళ్ళ పక్కన దావీదు. గుమ్మం దగ్గర బసమ్మ అన్న వీరన్న తలపాగా చేతిలో పట్టుకుని నిలబడినాడు. బండి బయట ఉంది. గుమ్మం అవతల, మడిచిన చీరల మూటతో బసమ్మ.

“చూడమ్మా” అన్నాడు గోవిందన్న, “ఆ పిల్ల మీద మాకు పగేమీ లేదు. ఇది ఆడవాళ్ళ హాస్టలు. బావిలో శవం తేలిందంటే రేపటి నుంచి ఒక్కరు కూడా తమ బిడ్డను పంపరు. తల చెడిన మనిషికి పరీక్షలెందుకు? ఇంటికాడ నిమ్మళంగా ఉంటే కుదురుకుంటాది. వార్డెనువు నువ్వు, అవునని ఒక్క మాట చెప్పు. బావి గట్టున నిలబడిందా లేదా?”

“నిలబడలేదు” అంటే చాలు. కానీ అది చాలదని ఆమెకు తెలుసు. మరి నీ మొగునికి అట్లా ఎందుకు చెప్పినావని అడుగుతారు. దావీదు ఆమెనే చూస్తున్నాడు. కథ చెప్పేటప్పుడు చూసినట్టే చూస్తున్నాడు.

“నిలబడింది” అంది రూతమ్మ. “బసమ్మ కాదు. నేను.”

ఎవరికీ అర్థం కాలేదు.

“నా సంగతి నేను చెప్పుకుంటే మా ఇంట్లో వినేవాళ్ళు లేరయ్యా. హాస్టలు పిల్లల సంగతులయితే ఆయన వింటాడు. అందుకని నా మాటకు బసమ్మ పేరు పెట్టి చెప్పినాను. పంపించేదయితే నన్ను పంపించండి.”

అబద్ధం ఆడుతున్నాననుకునే మొదలుపెట్టింది. సగంలోకి వచ్చేసరికి కాళ్ళ కింద రాతి గట్టు వేడి తగిలింది. ఎమ్మిగనూరు బావి గట్టు. దావీదుకు అప్పుడు ఆ ఊళ్ళో పని. రెండో బిడ్డ కూడా కడుపులోనే పోయి నెల కాలేదు. మిట్టమధ్యాహ్నం, మగ్గాల చప్పుడు కూడా ఆగిన వేళ, కడవ పట్టుకుని పోయి బావి గట్టున నిలబడింది. నీళ్ళు ఎంత కిందున్నాయో చూస్తూ నిలబడింది. ఎవరో నేతగత్తె వచ్చి “కొంచెం జరుగు తల్లీ” అంటే జరిగింది. ఆమె తోడుకున్నాక తనూ తోడుకుని ఇంటికొచ్చి రొట్టెలు చేసింది. ఇన్నేళ్ళూ ఆ మాట తనకు తాను కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు ఐదుగురు మగవాళ్ళ ముందు నోట్లోంచి బయటికొచ్చి నిలబడింది.

దావీదు మొహంలో నెత్తురు లేదు. గోవిందన్న ఒకసారి దావీదు వైపు చూసినాడు. చివరికి, “ఇది మీ ఇంటి సంగతి. పరీక్షలయ్యేదాకా ఉండు. తర్వాత ఇంకొకరిని చూసుకుంటాము” అన్నాడు. వీరన్న తలపాగా చుట్టుకున్నాడు. “అట్లయితే మా పిల్లకేం కాలేదా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బండి దగ్గరికి పోయినాడు.

సంఘం వాళ్ళు అన్నట్టే చేసినారు. వేసవిలో రూతమ్మ ఉద్యోగం పోయింది. బసమ్మ పాసయింది, లెక్కల్లో అంచు మీద గట్టెక్కింది. అయితే అదంతా తర్వాతి మాట.

ఆ సాయంత్రం బజారు మలుపు దాకా దావీదు ముందు నడిచినాడు. మలుపు దగ్గర ఆగినాడు.

“ఆ పిల్ల కోసం అట్లా చెప్పినావు కదా? నిజం కాదు కదా?”

రూతమ్మ కొంగుతో మొహం మీది దుమ్ము తుడుచుకుంది.

“ఎప్పుడు? ఎమ్మిగనూరులోనా?” ఆయన దగ్గరికి జరిగినాడు. “నాకెందుకు చెప్పలేదు?”

పదేళ్ళలో ఆయన ఆమె సంగతి అడగడం ఇదే మొదలు. ఒక్క నిమిషం ఆమెకు అక్కడే, ఆ దుమ్ములోనే కూర్చుని అంతా చెప్పేయాలనిపించింది. ఆయన కళ్ళలోకి చూసింది. అక్కడ దుఃఖం ఉంది. నిజమే. ఆ దుఃఖం వెనకాల “తర్వాత?” అనేది కూడా ఉంది.

“చెప్పింటే మరుసటి రోజుకు రీడింగ్ రూములో అందరికీ తెలిసిండేది” అంది. “మీరు ఇంటికి పోండి. పప్పు ఉట్టి మీదుంది. మీ అమ్మకు మజ్జిగ పోయండి.”

వెనక్కు తిరిగి హాస్టలు వైపు నడిచింది. ఆయన రెండుసార్లు పేరు పెట్టి పిలిచినాడు. ఆమె నడక ఆపలేదు.

బసమ్మ మూట విప్పకుండా చాప మీద కూర్చుని ఉంది. రూతమ్మ వాకిట్లోనే నిలబడింది. లోపలికి రమ్మని అనిపించుకునే హక్కు తనకు లేదనుకుంది.

“నాకోసరం అబద్ధమాడితివా?” అంది బసమ్మ.

“లేదు.”

 బసమ్మ మూటను గోడ వైపు తోసి, చాప మీద చోటు చేసింది.

“రామ్మా, కూర్చో. సెప్పు.”

రూతమ్మ కూర్చుంది. మాటలను వరసలో పెట్టుకోలేదు. ఎక్కడ ఆపాలో ఆలోచించలేదు. మధ్యలోంచి మొదలుపెట్టింది.