అమ్మ కోసం పది

గడ్డి రన్‌వే మీద తిరగబడిన తేలికపాటి విమానాన్ని మధ్యాహ్నానికల్లా తీసేశారు. దాన్ని నడిపిన త్సిరాద్‌ను బ్ర్నో నగర ఆసుపత్రిలో చేర్చారు. నడుము కింద స్పర్శ లేదన్నారు. అతనికి విమానం నడపడం నేర్పిన ద్రహోమీరకు డెబ్బై ఒకటో ఏడు. ఫ్లయింగ్ క్లబ్బు వంటగదిలో కూర్చుని, ఎప్పుడో చల్లారిన కాఫీని చెంచాతో కలుపుతోంది. ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదన్న ఆలోచన కూడా రాలేదు.

క్లబ్బు అధ్యక్షుడు బొహుమిల్ ఆమె ముందు ప్రమాద నివేదిక కాగితం పెట్టాడు.

"పైలట్ పొరపాటని రాశాను. తప్పు తనదేనని వాడే అన్నాడుగా. సంతకం పెట్టెయ్, ద్రాహా."

"దిగేటప్పుడు వేగమెంత?"

"గంటకు నూటపది కిలోమీటర్లు."

"వంద ఉండాలి."

"అమ్మ కోసం పది కలిపాడు. మనమంతా కలిపినవాళ్లమే, ఎవరం పోయాం? నేనైతే మా అత్తగారి కోసం ఇంకో ఐదు కలిపేవాణ్ణి."

'అమ్మ కోసం పది', అంటే ఇంట్లో ఎదురుచూసే అమ్మ కోసం దిగే వేగానికి ఇంకో పది కలపమన్న ఆ మాట ద్రహోమీరదే. ముప్పై ఏళ్లుగా, నేల దగ్గరపడే వేళ ప్రతి శిష్యుడి చేతా పైకి అనిపించింది. పాత శిక్షణ విమానం బరువైనది. వేగం తగ్గితే రాయిలా పడేది కనుక ఆ పదే ప్రాణాలు కాపాడింది. రెండేళ్ల క్రితం విమానం మారింది, మాట మారలేదు. తేలిక విమానంలో ఆ పది ఒక పట్టాన కరగదు. విమానం నేలకు మూరెడెత్తున తేలుతూ పోతుంది, తగిలితే బంతిలా లేస్తుంది. లేచినప్పుడు బెదిరినవాడు కంట్రోల్ కర్రను ముందుకు తోస్తాడు. ముందు చక్రం విరిగి విమానం తిరగబడుతుంది.

"అదంతా రాస్తే నీ లైసెన్సు పోతుంది," అన్నాడు బొహుమిల్. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, ఊరగాయలు పెడతావా?"

"రాయకపోతే శనివారం నా శిష్యురాలు హెద్వికా ఒంటరిగా ఎగురుతుంది. పది కలుపుతుంది."

"కలపొద్దని చెప్పు. కాగితమెందుకు?"

"నా దగ్గర నేర్చుకుని వెళ్లినవాళ్లు నలభై మంది. వాళ్లకెవరు చెబుతారు?"

ఫోన్ మోగింది. త్సిరాద్ తల్లి.

"ద్రహోమీర గారూ, వాడు మత్తులో ఒకటే అడుగుతున్నాడండీ. మీరు చెప్పినట్టే దిగాడా, లేదా అని."

"నేను చెప్పినట్టే దిగాడమ్మా."

"హమ్మయ్య. ఆ మాట చెబితే పడుకుంటాడు."

ఆమె ఫోన్ పెట్టేసి, 'పైలట్ పొరపాటు' మీద అడ్డగీత గీసింది. కింద తన పేరు, లైసెన్సు సంఖ్య, ఆ పది ఎక్కడినుంచి వచ్చిందో రాసింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, వరుస తప్పకుండా వచ్చాయి.

బొహుమిల్ ఆమె కాఫీ పారబోసి కప్పు కడిగాడు.