మేయరుగారి అక్క వెన్న

ఎలీఫలెట్ థోర్న్ ఆరేళ్లు ఫిలడెల్ఫియా కాంగ్రెసులో కూర్చుని, ఇంగ్లండు రాజు పన్నుల మీదా సంధి పత్రాల మీదా వాదించి వచ్చిన మనిషి. కనెటికట్ తీరంలోని ఆయన ఊరు నగరమైనప్పుడు జనం ఆ పెద్దరికం చూసే మొదటి మేయరుగా ఎన్నుకున్నారు. అప్పట్నుంచీ ఆయన ముందుకొచ్చేవన్నీ మసిపట్టిన పొగగొట్టాలూ, తెగిన బావి తాళ్లూ, వీధిన పడ్డ పందులూ.

"ఇందుకేనా నేను రాజుతో తగువు పెట్టుకుంది!" అని ఆయన గొణుక్కోని రోజు లేదు.

ఒక శనివారం సంత అధికారి జేబెజ్ క్రోవెల్ వెన్న బుట్ట పట్టుకుని ఆఫీసులోకొచ్చాడు. వెనకాలే మేయరుగారి అక్క కెజాయా, ముఖం జేవురించి.

"తూకం తక్కువండీ. చట్టప్రకారం పేదల సత్రానికి పంపెయ్యాలి," అన్నాడు జేబెజ్, ఆమెకేసి చూడకుండా.

"ఒరేయ్ ఎలీ, ముప్పై ఏళ్లుగా అమ్ముతున్నాను. ఇవాళ దొంగనయ్యానా?"

"ఆ చట్టం మీద సంతకం నాదే అక్కా. నిన్ను వదిలేస్తే ఊరు నా మొహాన ఉమ్ముతుంది."

"సంతకాలు పెట్టడం బాగానే మరిగావు. ఒక్కసారైనా ఆ తక్కెడ మొహం చూశావా?"

చూడలేదు. అందుకే ఆయనకి ఒళ్లు మండింది. విసురుగా సంతకి నడిచాడు. రేవులోని సుంకం ఆఫీసు నుంచి సరైన తూనికరాళ్లు తెప్పించి, సంతలోని రాళ్లతో సరిపోల్చి తూయించాడు. సంతలోని పౌండు రాయి ఒక ఔన్సు ఎక్కువ తూగింది!

"మే నెలలో పాతది పోతే కొత్తది పోయించానండీ," జేబెజ్ నీళ్లు నమిలాడు. "సరిగ్గానే ఉందని కమ్మరి అన్నాడు."

"కమ్మరి అన్నాడా! నీ కళ్లేమయ్యాయయ్యా?"

అంటే ఇన్ని నెలలుగా తూకం తక్కువని అమ్మేవాళ్ల దగ్గర లాక్కున్న వెన్నంతా నిక్కమైన తూకమే. క్షమాపణ చెబుదామని ఎలీఫలెట్ పీపా ఎక్కాడు. కాంగ్రెసులో మూడు గంటలు ఏకబిగిన మాట్లాడిన ఆయన్ని ఇక్కడ వెన్న అమ్మేవాళ్లు ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వలేదు.

"నా పదకొండు పౌండ్ల మాటేమిటి మేయరుగారూ?"

"సత్రంలోవాళ్లు మాకంటే లావెక్కారు!"

"తప్పు నాదే! ఇకనుంచి ప్రతి సోమవారం తూనికరాళ్లు నేనే చూస్తాను, చాలా?" అని అరిచాడు చివరికి.

ఆ సాయంత్రమే రాజీనామా రాశాడు. నగర సభ పుచ్చుకోలేదు. తొమ్మిదేళ్లు, వానైనా మంచైనా, ప్రతి సోమవారం సంతకెళ్లి విసుక్కుంటూనే ఒక్కో రాయీ తూచాడు.