చాలనిపించేదాకా

ఉదయగిరికి మొట్టమొదటి కంప్యూటర్‌ను తెచ్చింది నేనే. ఎనభై ఆరు ఎండాకాలంలో బస్టాండు నుంచి వహాబ్ ఇంటిదాకా నెత్తిన పెట్టుకుని మోశాను.

నేను వెళ్లేసరికి వహాబ్ ఆ రోజుకు నాలుగో గరిటె మీద ఉన్నాడు. కొండకర్రను బాడిసెతో రూపుకు తెచ్చి, ఉలితో గుంట తీసి, వంకర కత్తితో లోపల గీకుతున్నాడు. కనుబొమల మీద, చెవుల మీద కర్రపొడి. నలభై ఏళ్లుగా అదే గోడకు ఆనుకోవడంతో సున్నం మీద వీపంత నల్లమచ్చ పడింది. రెండు గీకులకొకసారి దగ్గు. పొడి మానుకోమని ఆత్మకూరు డాక్టరు చెప్పాడు.

"ఊపిరి మానుకోమన్నట్టే ఉండాది పెంచలయ్యా," అని నన్ను చూసి నవ్వినవాడు, నవ్వు పూర్తిచేయలేక గోడకు వాలాడు.

పిల్లలు లేరు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు వారం తిరక్కముందే లారీలెక్కేశారు. తనతోపాటు తన చేతి గరిటె కూడా మట్టిలో కలిసిపోతుందనేదే అతని దిగులు. అందుకే నెల్లూరు లెక్చరర్ రామనారాయణ వచ్చి ఆ పనిని కంప్యూటర్‌కు నేర్పిస్తానంటే సరేనన్నాడు.

"మనిషి బుర్ర కూడా ఒక ప్రోగ్రామే. మీరు చేసేదంతా అక్కడ వరసగా రాసిపెట్టి ఉంటుంది. అది బయటికి తీస్తే చాలు, మిషనే మీలాగా చెక్కుతుంది," అన్నాడాయన.

"తీసుకోండి సార్. నాకు మోయలేక అలుపొస్తా ఉండాది."

కంప్యూటర్ అన్నాను కదా, నేను మోసింది ఆయన సంచీ. అందులో రెండు నోటుబుక్కులు, ఒక స్కేలు, మూడు అరటిపళ్లు. కంప్యూటర్‌ను ఆయన కూడా మద్రాసులో ఒక్కసారే చూశాడట, అదీ అద్దం బయటినుంచి.

మధ్యాహ్నానికి లెక్చరర్ ఆ పనిని నలభై రెండు మెట్లుగా నోటుబుక్కులో రాశాడు. నలభై రెండో దగ్గర పెన్ను ఆగింది.

"ఎంతసేపు గీకాలి?"

"చాలనిపించేదాకా."

"అనిపించేది ఎట్లా?"

వహాబ్ చెమట తుడుచుకున్నాడు. "అనిపిస్తాది సార్, అంతే."

లోపల బియ్యం ఏరుతున్న భార్య సుగ్రాబీ కిసుక్కున నవ్వింది. "గరిటె వీపు కిందిపెదవికి ఆనించి చూసుకుంటావు గదయ్యా!"

"నేనా? ఎప్పుడు?"

"ప్రతి గరిటెకూ. నలభై ఏండ్ల నుంచీ."

వహాబ్ నా వైపు చూశాడు. నిజమేనన్నాను. అతనికి మాత్రం ఆ సంగతే తెలియదు. లెక్చరర్ పొంగిపోయి నలభై మూడో మెట్టు రాసుకుని, ఒకసారి చేసి చూపమన్నాడు.

వహాబ్ గీకాడు. గరిటెను పెదవికి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ గీకాడు, మళ్లీ ఆనించాడు. గరిటె అడుగు చిల్లుపడి కత్తిమొన బయటికొచ్చింది. అతని జీవితంలో అట్లాంటి తప్పు నేను చూడలేదు.

"చూస్తా ఉంటే పెదవి చెప్పడంలేదు సార్," అన్నాడు నీరసంగా.

మూడు గంటల బస్సుకు లెక్చరర్ వెళ్లిపోయాడు. "నా గరిటె దొరికిందా సార్?" అని వహాబ్ అడిగితే, పుస్తకం తట్టి చూపించాడు. నేను బస్సెక్కించి తిరిగివచ్చేలోపు వహాబ్ ఇంకో కర్ర అందుకుని చెక్కుతూనే ఉన్నాడట. సుగ్రాబీ టీ తెచ్చేసరికి ఆ నల్లమచ్చకు తల ఆనించి, గరిటెను పెదవికి ఆనించుకుని ఉన్నాడు. ఊపిరి లేదు.

పాతికమందికి ఇట్లాగే చెప్పాను. కానీ ఆ చివరి పెదవి మాట నా కల్పన. గరిటె ఒళ్లో పడి ఉంది. దాన్ని తీసి పొడి ఊది, తన కిందిపెదవికి ఆనించుకున్నది సుగ్రాబీ.

"ఇంకా రెండు గీకులుండాయి," అంది.

ఎవరూ గీకలేదు. ఆ గరిటె ఇప్పటికీ వాళ్ల గూట్లోనే ఉంది, రెండు గీకుల మందం ఎక్కువగా.